మేస్త్రీ అడిగిన ప్రశ్న

కోల్‌కతాలో విశ్వకర్మ పూజ రోజు మెకానిక్ షెడ్డుకి వెళ్ళినవాడెవడూ బొట్టు పెట్టించుకోకుండా బయటపడడు. నేను తప్పించుకున్నాను గానీ నా బ్యాటరీ తప్పించుకోలేదు.

పాత వ్యాన్‌లో వెనక సీట్లు పీకించి మంచం వేయించాను. పైన రెండు వంద వాట్ల సోలార్ పలకలు, లోపల 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ. నేను, మా ఆవిడ బక్కాలి సముద్రం దాకా వెళ్ళి నాలుగు రోజులు అందులోనే ఉండాలని ఏర్పాటు. ఆవిడకు ఇన్సులిన్ ఉంది కనుక చిన్న ఫ్రిజ్ తప్పనిసరి.

మేస్త్రీ బ్యాటరీకి సింధూరం పెట్టి, నిమ్మకాయ మిరపకాయలు కట్టి, "మేఘ్ కర్లే కీ హోబే, దాదా?" అన్నాడు. మబ్బేస్తే ఎలా, ఇంజన్ నుంచి కూడా ఒక చార్జింగ్ వైరు లాగుదాం అని. నేను నవ్వాను. బ్యాటరీకి బొట్టు పెట్టేవాడు నాకు విద్యుత్తు గురించి చెప్పడమా! కాగితం తీసి లెక్క చూపించాను. ఫ్రిజ్, ఫ్యాను కలిపి రోజుకు 750 వాట్-అవర్లు. బ్యాటరీలో 1800. పలకలు రోజూ 750 దాకా ఇస్తాయి. ఇంక వైరెందుకు?

లెక్కలో కూడిక తప్పు లేదు. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే అది త్వరగా చెడిపోతుంది. అంటే వాడుకోదగ్గది 900. పలకల లెక్క నిండు ఎండకి వేసినది. మనం వెళ్ళింది సెప్టెంబరులో!

డైమండ్ హార్బర్ దాటగానే మబ్బు పట్టింది. రెండో రాత్రి రెండింటికి ఫ్రిజ్ ఆగిపోయింది. తడిగుడ్డ చుట్టిన కుండలో పెడదామా అనుకున్నాను. ఆ సముద్రపు గాలిలో తేమ ఎంతంటే గుడ్డ ఆరితే కదా కుండ చల్లబడేది. కంగారుపడుతుంటే మా ఆవిడ లేచి, "పెన్‌లో ఉన్నది బయట నాలుగు వారాలు ఆగుతుందని డాక్టరుగారు చెప్పలేదుటండీ? మూత తీయనివి చూడండి చాలు" అంది. తెల్లారాక దగ్గర్లోని లాడ్జి కుర్రాడు వాటిని తన ఫ్రిజ్‌లో పెట్టుకున్నాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

ఆ పక్కనే సాగర్ ద్వీపం. అక్కడి కమల్‌పూర్‌లో 1996లోనే సౌర విద్యుత్ కేంద్రం పెట్టారు. ఊరికి కరెంటు సాయంత్రం కొన్ని గంటలే ఇచ్చేవారు. బ్యాటరీలో ఎంత పడుతుందో, మబ్బు ఎన్ని రోజులుంటుందో చూసుకుని వాడకాన్ని కుదించారన్నమాట. నేను వాడకం ముందు రాసుకుని సూర్యుణ్ణి దానికి సరిపెట్టాను. జాతకాలు రాసేవాళ్ళ పద్ధతి ఇదే కదూ?

ఇంకొకటి ఒప్పుకోవాలి. మేస్త్రీ ప్రశ్నలో దేవుడు లేడు, దయ్యం లేదు. నేను ప్రశ్న వినలేదు, అతని చేతికున్న సింధూరం చూశాను. సభల్లో ఎదుటివాళ్ళకి ఇదే తప్పు అని ఎన్నిసార్లు చెప్పానో!

తిరిగొచ్చాక వైరు వేయించుకోడానికి వెళ్ళాను. అతనేమీ దెప్పలేదు. బానెట్ ఎత్తి పని మొదలుపెడుతూ, బ్యాటరీ మీద బొట్టు తుడిచేయనా అని అడిగాడు.

"ముందు వైరు సంగతి చూడు" అన్నాను.