పేరు కంటే ముందు భాష

కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ పెట్టగానే తెర మీద దాని పేరు కనిపిస్తుంది. పెట్టడానికీ, పేరు కనిపించడానికీ మధ్య పట్టేది ఒకటి రెండు క్షణాలు. ఆ కాస్త వ్యవధిలో రెండు యంత్రాల మధ్య పెద్ద సంభాషణే జరుగుతుంది. ఈ సంగతులతో తెలుగు టీచరుకు ఏం పని అని మీరు అడగవచ్చు. నాకూ మొదట ఏ పనీ లేదు. పని కల్పించినవాడు మన బడిలో 12వ తరగతి చదివిన ఒక విద్యార్థి.

అతడు సొంతంగా ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాడు. నెహ్రూ ప్లేస్‌లో కొన్న పాత ల్యాప్‌టాప్ మీద దాన్ని నడిపి చూసేవాడు. బడిలో జరిగే భాషోత్సవానికి ఆ పనిని తెలుగులో వివరిస్తూ ఒక పోస్టరు పెడతానన్నాడు. "మేడమ్, విషయం నాకు తెలుసు. తెలుగు మాటలే తెలియవు. మీరు చెబుతారా?" అని వచ్చాడు. అతనికిది ఆరో బడి. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడతాడు. కానీ చదివిన ఏ బడిలోనూ తెలుగు అతనికి పాఠంగా దొరకలేదు. అందుకని చదవడం, రాయడం రాదు. నెల్లూరు నుంచి తాతగారు రాసిన పాత ఉత్తరాల కట్ట ఒకటి ఇంట్లో ఉందట. వాటిని అమ్మ చదివితే వినడమే తప్ప తాను చదవలేనని చెప్పాడు.

అలా మా ఇద్దరి మధ్య పాఠాలు మొదలయ్యాయి. అతడు నాకు కంప్యూటర్ చెప్పాడు, నేను అతనికి మాటలు చెప్పాను.

కంప్యూటర్‌లో అన్ని ప్రోగ్రాములకూ అడుగున ఉండి మెమరీనీ, ప్రాసెసర్‌నూ, బయటి పరికరాలనూ సర్దిపెట్టేది కెర్నెల్. ఏ పరికరంతో ఎలా వ్యవహరించాలో కెర్నెల్‌కు తెలిపే భాగం డ్రైవర్. మనం పెన్‌డ్రైవ్ గుచ్చే యూఎస్‌బీ పోర్టుల వెనుక, బోర్డు మీద, హోస్ట్ కంట్రోలర్ ఉంటుంది. వచ్చే పోయే పరికరాలన్నిటినీ పలకరించేది అదే. దానికి డ్రైవర్ లేకపోతే కీబోర్డూ పనిచేయదు, పెన్‌డ్రైవూ పనిచేయదు. కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా లేచే బయోస్ కొంతకాలం యూఎస్‌బీ కీబోర్డును పాతకాలపు కీబోర్డులా చూపించి పని నడిపిస్తుంది. కెర్నెల్ కంట్రోలర్‌ను తన చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి ఆ సాయం ఆగిపోతుంది, కీబోర్డు మూగబోతుంది. మనవాడు చిక్కుకున్నది అక్కడే.

మాటల దగ్గర మేం కాసేపు ఆగాం. హోస్ట్ అంటే ఆతిథేయి అని నిఘంటువు చెబుతుంది. పోస్టరు చదివే ఆరో తరగతి పిల్లలకు అది బరువైన మాట. చివరికి హోస్ట్‌ను 'ఇంటివారు' అనీ, వచ్చే పరికరాన్ని 'చుట్టం' అనీ అనుకున్నాం. కెర్నెల్, డ్రైవర్ అలాగే ఉండనిచ్చాం. అవి ఇప్పటికే మన మాటలైపోయాయి.

ఒకప్పుడు కీబోర్డుకు ఒక రకం పోర్టు, ప్రింటరుకు మరో రకం పోర్టు ఉండేవి. అన్నిటికీ ఒకే పోర్టు ఉండాలని కొన్ని కంపెనీలు కలిసి యూఎస్‌బీని తయారు చేశాయి. మొదటి ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యుడు అజయ్ భట్, వడోదరలో చదువుకుని ఇంటెల్‌లో పనిచేసిన ఇంజనీరు. బయట పోర్టు ఒకటే అయినా, లోపలి కంట్రోలర్లు రెండు దారులు పట్టాయి. ఇంటెల్ ఒక పద్ధతి పెట్టింది. కాంపాక్, మైక్రోసాఫ్ట్, నేషనల్ సెమీకండక్టర్ కలిసి మరో పద్ధతి పెట్టాయి. 2000లో యూఎస్‌బీ 2.0తో పాటు మూడోది, 2008లో యూఎస్‌బీ 3.0 తరువాత నాలుగోది వచ్చాయి. వేగం సెకనుకు 12 మెగాబిట్ల నుంచి 480కి, అక్కడి నుంచి 5000కు పెరిగింది. ఈ నాలుగో పద్ధతి పేరు ఎక్స్‌హెచ్‌సీఐ. పాత వేగాల పరికరాలను కూడా అదే చూసుకుంటుంది. అందుకే మనవాడు దాన్ని ఎంచుకున్నాడు. 2009 సెప్టెంబరులో వచ్చిన లైనక్స్ 2.6.31లో దీనికి మొదటిసారిగా డ్రైవర్ చేరింది.

ఈ పని ఎక్కడో అమెరికాలో మాత్రమే జరుగుతుందనుకోకండి. మన గ్రేటర్ నోయిడాలో ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ కేంద్రం ఉంది. ఆ కంపెనీ వారి స్పియర్ అనే చిప్పుల కోసం రాసిన యూఎస్‌బీ హోస్ట్ డ్రైవర్ 2010 నాటి తేదీతో లైనక్స్ కెర్నెల్‌లో ఉంది. అది చిన్న ఫైలు. ఇతర చిప్పుల కోసం రాసిన డ్రైవర్ల ఆధారంగా దీన్ని రాశామని అందులోనే చెప్పుకున్నారు. ఆ చిప్పుకు ప్రత్యేకమైన కొన్ని ఏర్పాట్లు చేసి, మిగతా పనంతా అందరికీ ఉమ్మడిగా ఉన్న కోడ్‌కు అప్పగిస్తుంది. ఊరు మారినా పుస్తకాలు అవే, ఊరిని బట్టి మారేది కొంచెమే. బదిలీల మీద తిరిగే మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

ఇక ఇంటివారు చుట్టాన్ని ఎలా పలకరిస్తారో చూద్దాం. డ్రైవర్ మెమరీలో గుండ్రంగా తిరిగే వరుసలు ఏర్పాటు చేస్తుంది. ఒక వరుసలో ఆజ్ఞలు, మరికొన్నిటిలో పరికరాలకు ఇచ్చిపుచ్చుకునే సమాచారం. ఇంకో వరుసలో కంట్రోలర్ తన జవాబులు రాస్తుంది. ఒక్కో చీటీ 16 బైట్లు. చీటీ రాసి ఊరుకుంటే కంట్రోలర్ చూడదు, గంట కొట్టాలి. దాని పేరు నిజంగానే డోర్‌బెల్. నిర్ణీత స్థానంలో ఒక సంఖ్య రాస్తే గంట మోగినట్టు. వరుస చివరికి వెళ్లి మళ్లీ మొదటికి వచ్చినప్పుడు ఏది పాత చీటీ, ఏది కొత్త చీటీ అని తెలియాలి కదా? అందుకోసం ప్రతి చీటీలో ఒక బిట్ ఉంటుంది. చుట్టు పూర్తయిన ప్రతిసారీ దాని విలువ తిరగబడుతుంది. ఈ ఒక్క బిట్ దగ్గర మనవాడికి మూడు ఆదివారాలు పట్టింది.

యూఎస్‌బీలో చుట్టం తనంతట తాను నోరు విప్పకూడదు. ఇంటివారు అడిగితేనే చెప్పాలి. మీరు కీబోర్డు మీద ఒక మీట నొక్కినా, అది పరిగెత్తుకొచ్చి కంప్యూటర్‌కు చెప్పదు. "ఏమైనా ఉందా?" అని కంప్యూటరే సెకనుకు ఎన్నోసార్లు అడుగుతూ ఉంటుంది. కొత్త పరికరం వచ్చినప్పుడు ముందుగా పోర్టును రీసెట్ చేస్తారు. అప్పుడు దాని చిరునామా సున్నా. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ సున్నాయే. అందుకని ఒకేసారి ఇద్దరు ఆ స్థితిలో ఉండకూడదు. ఒకరికి సొంత చిరునామా ఇచ్చాకే రెండోవారి సంగతి. ఒక కంట్రోలర్ కింద 127 వరకు చిరునామాలు ఉండవచ్చు. ఆ తరువాత పరికరం తన గురించి 18 బైట్ల పరిచయం ఇస్తుంది. ఏ కంపెనీది, ఏ రకం అన్నవన్నీ అందులో సంఖ్యలే.

పేరు అక్షరాల్లో కావాలంటే మళ్లీ అడగాలి. ఆ అడిగే తీరు చెప్పినప్పుడు నేను కలం కింద పెట్టి విన్నాను.

పేరు అడగడానికి ముందు ఇంటివారు ఇంకో ప్రశ్న వేస్తారు: "నీకు ఏ భాషలు వచ్చు?" చుట్టం తనకు వచ్చిన భాషల జాబితా ఇస్తుంది. ఆ జాబితా నుంచి ఒక భాషను చెప్పి, "ఆ భాషలో నీ పేరు చెప్పు" అని అడగాలి. భాష చెప్పకుండా పేరు అడగడానికి ప్రమాణంలో వీలే లేదు. ఒక్కో భాషకూ ఒక సంఖ్య ఉంది. అమెరికా ఇంగ్లీషు 1033, హిందీ 1081, తమిళం 1097, కన్నడం 1099. మధ్యలో ఉన్న 1098 మన తెలుగు.

"మరి ఎన్ని పరికరాలు 1098 అని జవాబిస్తాయి?" అని అడిగాను.

"నేను చూసినవాటిలో ఒక్కటీ లేదు మేడమ్. అన్నీ 1033 అనే అంటాయి" అన్నాడు.

మాకు చోటు ఉంది, అందులో నింపినవాళ్లు లేరు. ఆ మాట నన్ను కొన్ని రోజులు వదల్లేదు. ప్రవేశ పత్రంలో మాతృభాష అనే గడి దగ్గర కలం ఆగి, ఏది రాస్తే సులువని ఆలోచించే తల్లిదండ్రులను నేను ప్రతి ఊరిలోనూ చూశాను. ఇంట్లో నాలుగు భాషలు ఉన్న పిల్లలు కూడా బడిలో ఒక్కటే చెబుతారు. వారికి మిగతావి రాక కాదు, ఎవరూ అడగక.

మనవాడు ఒక పని చేశాడు. కొద్ది వందల రూపాయలకు దొరికే మైక్రోకంట్రోలర్ బోర్డు తెచ్చి, సొంతంగా ఒక యూఎస్‌బీ పరికరం చేశాడు. దాని భాషల జాబితాలో 1098 మొదట పెట్టాడు. పేరు 'తెలుగు' అని పెట్టాలనుకున్నాడు. యూఎస్‌బీలో పేర్లు యూనికోడ్‌లో ఉంటాయి కాబట్టి మన లిపి అందులో హాయిగా ఇముడుతుంది. కానీ రాయాలంటే అక్షరాలు తెలియాలి కదా! యూనికోడ్ పట్టిక ముందు పెట్టుకుని కూర్చున్నాం. అందులో మన అక్షరాలు వర్ణమాల వరుసలోనే ఉన్నాయి. అ 3077, క 3093. పెద్దబాలశిక్షతో మొదలుకావలసిన చదువు అతనికి ఆ సంఖ్యల పట్టికతో మొదలైంది. తకారం ఎక్కడ, ఎత్వం ఎక్కడ, కొమ్ము ఎక్కడ అని వెతుకుతూ పేరు రాసుకున్నాడు.

పరికరాన్ని ల్యాప్‌టాప్‌కు పెట్టిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. అతని కెర్నెల్‌కు తెలుగు అక్షరాలు గీయడం ఇంకా రాదు. అందుకని వచ్చిన జవాబును సంఖ్యలుగానే చూపించింది: 3108, 3142, 3122, 3137, 3095, 3137. అతడు వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. తకారం, దానికి ఎత్వం, తె. లకారం, దానికి కొమ్ము, లు. గకారం, మళ్లీ కొమ్ము, గు. నా పాఠాలలో ఒక మాటను అంత నెమ్మదిగా, అంత ఇష్టంగా చదివినవారు తక్కువ. ఇప్పుడతడు సంఖ్యలు లేకుండానే చదువుతున్నాడు. తాతగారి ఉత్తరాలు వారానికి ఒకటి పూర్తవుతోందట.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. 1863లో ఆ రోజున పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు సవరల భాష నేర్చుకున్నారు. వారి పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. నీకు ఏ భాష వచ్చు అన్న ప్రశ్నతో చదువు మొదలుపెట్టిన ఉపాధ్యాయులు యూఎస్‌బీ పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే మనకు ఉన్నారన్నమాట.

పిల్లలూ, ఏప్రిల్‌లో మీ తరగతుల్లోకి మళ్లీ కొత్తవాళ్లు వస్తారు. మీలో కొందరు వేరే ఊళ్లో కొత్తవాళ్లవుతారు. ఇంటివారుగా ఉన్నప్పుడు, వచ్చినవారి పేరుతో పాటు వారింట్లో ఏ భాష మాట్లాడతారో కూడా అడగండి. ఆ భాషలో ఒక మాట నేర్చుకోండి. చుట్టంగా వెళ్లినప్పుడు మీ జాబితాలో ఉన్న భాషలన్నీ చెప్పండి, ఒక్కటీ దాచకండి. పరికరం అడిగేదాకా ఊరుకోవాలి, అది దాని నియమం. మీకు ఆ నియమం లేదు.