ఎనిమిది వాల్వులు

మోటారు కారు బలమంతా పెట్రోలు మంటలోనే ఉన్నదని సామాన్యుల భావన. కాని మంట ఎంత తీవ్రమైనదైనా, దానిని బంధించే తలుపులు సరిగా మూసుకొనకపోతే ఆ శక్తి చక్రాలకు చేరదు. పొగగొట్టం దారిన వృథాగా పోతుంది. ఇంజనులోని ఆ తలుపులకే వాల్వులని పేరు. అవి అమరి ఉండే ఇనుప దిమ్మెను సిలిండర్ హెడ్డు అంటారు. అరిగిపోయిన హెడ్డును, కాలిన వాల్వులను మరల పనిలోకి తెచ్చే ప్రయత్నంలో మేము ముగ్గురు సోదరులము గత వేసవి సెలవులు గడిపాము. ఆ అనుభవాన్ని తోటి విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇంటి కారు 1978 నాటి అంబాసిడర్. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును ఆధారంగా చేసుకొని బెంగాలులోని ఉత్తర్‌పారాలో 1957 నుండి 2014 వరకు ఈ కార్లు తయారయ్యాయి. మా కారు ఇంజను 1489 సి.సి. సామర్థ్యం గలది, నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. మా తండ్రిగారు 1988లో దీనిని సెకండ్ హాండులో కొని, గుంటూరులో ఇరవై ఏండ్లు టాక్సీగా నడిపారు. మా ఇల్లు లేచింది, మా అక్కల వివాహాలు జరిగింది ఆ సంపాదనతోనే. అటువంటి కారు క్రమంగా బలహీనపడి, వంతెన ఎక్కాలంటే ఆయాసపడే స్థితికి వచ్చింది. చూపించిన ఒక వర్కుషాపువారు ఇంజను పని అయిపోయిందని తేల్చారు. పాత ఇనుము వ్యాపారి ఇంటికి వచ్చి ధర కూడా చెప్పి వెళ్ళాడు. తండ్రిగారు అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనమే మమ్మల్ని ఉస్తాద్‌గారి షెడ్డుకు నడిపించింది.

ఉస్తాద్‌గారు డెబ్బై దాటిన మెకానిక్. ఆయన ముందుగా స్పానరు పట్టలేదు, పరీక్ష చేశారు. ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క రంధ్రంలో కంప్రెషన్ గేజి అమర్చి ఇంజనును తిప్పించారు. మూడు సిలిండర్లు 110 పౌన్లకు పైగా చూపగా, మూడవ సిలిండరు 55 వద్దనే ఆగిపోయింది. అప్పుడు ఆ సిలిండరులో ఒక చెంచాడు ఇంజనాయిలు పోసి మరల చూశారు. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆయిలు ఆ సందులను కప్పి అంకెను పెంచుతుంది. అంకె పెరగలేదు. “బేటా, కింద ఇల్లు బాగానే ఉన్నది, పైకప్పే కారుతున్నది” అన్నారాయన. దోషం హెడ్డులోనే ఉన్నదని నిర్ధారణ అయింది.

హెడ్డు విప్పే పనిలో మాకు నేర్పిన మొదటి పాఠం క్రమం. ఒక అట్టపెట్టె మూతకు ఎనిమిది రంధ్రాలు చేసి, ఏ వాల్వును ఆ అంకె గల రంధ్రంలోనే ఉంచమన్నారు. ఏండ్ల తరబడి ఒకే చోట పనిచేసిన వాల్వు ఆ చోటుకే ఒదిగి ఉంటుంది. చోటు మారితే రెండూ చెడుతాయి. మసి గీకి చూడగా స్థితి తెలిసింది. మూడవ సిలిండరు పొగ వాల్వు, అంటే వరుసలో ఐదవది, ఒక ప్రక్క అంచు కొరికినట్లు కాలిపోయి ఉన్నది. గైడులు వదులై వాల్వు కాడలు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఏటవాలు దిగి మరల గ్యాసు తొక్కినప్పుడు వచ్చే నీలిపొగకు కారణం ఆ సందుల గుండా దిగే ఆయిలే.

ఆ వాల్వే ఎందుకు కాలింది? ఈ ఇంజనులో రెండవ, మూడవ సిలిండర్ల పొగ ఒకే ద్వారం గుండా బయటకు పోతుంది. కనుక నడుమ భాగంలో వేడి అధికం. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరచి మూసుకుంటుంది. పొగ వాల్వు సుమారు 700 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కుతుంది. ఆ వేడిలో అధికభాగం, వాల్వు తన సీటుపై ఆనుకొన్న క్షణంలోనే హెడ్డుకు, అక్కడి నుండి నీటికి చేరుతుంది. సీటుకు, వాల్వుకు నడుమ వెంట్రుకవాసి సందున్నా వేడి దిగే దారి తగ్గుతుంది. ఆ సందు గుండా మంట దూరి లోహాన్ని కోస్తుంది.

మరొక కారణం పెట్రోలులోనే ఉన్నది. 1921లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ బృందం కనుగొన్న సీసపు సమ్మేళనాన్ని దశాబ్దాలపాటు పెట్రోలులో కలిపారు. ఇంజను కొట్టుకోకుండా ఉండడం దాని ఉద్దేశమైనా, ఆ సీసం మెత్తని పోత ఇనుప సీట్లపై పలుచని పొరగా నిలిచి వాటిని కాపాడింది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుండి సీసం లేని పెట్రోలే అమ్మకంలో ఉన్నది. పిల్లల మెదళ్ళకు హాని చేసే సీసాన్ని తొలగించడం న్యాయమే. 2021లో అల్జీరియా మానుకోవడంతో ప్రపంచమంతటా కార్ల పెట్రోలు నుండి అది తొలగిపోయింది. కాని పాత హెడ్లకు ఆ రక్షణ పోయింది. సీటు అరిగి వాల్వు లోపలికి కుంగిన కొద్దీ టాపెట్ వద్ద ఉండవలసిన సందు తగ్గిపోతుంది. చప్పుడు చేసే టాపెట్ కంటె మూగబోయిన టాపెట్‌కే భయపడాలని ఉస్తాద్‌గారు చెప్పిన మాటకు అర్థం ఇదే.

ఇక మిగిలిన సందేహం ఒక్కటే. రెండు పొగ సీట్ల నడుమ ఇనుము పగిలి, పగులు నీటి దారి వరకు పోయి ఉంటే ఆ హెడ్డు పనికిరాదు. హెడ్డును విజయవాడ ఆటోనగర్‌లోని ఒక లేతు షాపుకు తీసుకొనిపోయాము. నీటి దారులు మూసి లోపలికి ఒత్తిడితో నీరు ఎక్కించారు. చెమ్మ కనిపిస్తే కారు పాత ఇనుము వ్యాపారిదే. పావుగంట సేపు ఎవరమూ మాట్లాడలేదు. నడుమ భాగాన్ని వ్రేలితో తడిమి చూచి, “సూఖా హై” అన్నారు ఉస్తాద్‌గారు. పొడిగా ఉన్నది!

ఆ తరువాత పని వరుసగా సాగింది. ముందు కొత్త గైడులు దింపారు. సీటును కోసే పనిముట్టు గైడునే ఆధారంగా చేసుకొని తిరుగుతుంది కనుక గైడు వంకరైతే సీటూ వంకరే. నాలుగు పొగ వాల్వుల చోట గుంటలు కోసి, హెడ్డును వేడిచేసి, గట్టి ఉక్కు సీటు రింగులను బిగించారు. వాటిని 45 డిగ్రీల కోణంలో, ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పుతో కోశారు. స్కేలు నిలిపి చూస్తే హెడ్డు అడుగుభాగం నడుమ కొద్దిగా వంగి ఉన్నది. సమతలం చేయడానికి అవసరమైనంత మాత్రమే చెక్కించారు. తీసిన ఇనుమును తిరిగి అంటించలేమని, చాలినచోట ఆపడమే పనితనమని ఆయన అభిప్రాయం.

వాల్వులను సీట్లలో నూరే పని మా చేతులకు వచ్చింది. వాల్వు అంచుకు గ్రైండింగ్ పేస్టు కొద్దిగా పూసి, రబ్బరు బుడిపె గల కర్రను దానికి అంటించి, కవ్వంతో మజ్జిగ చిలికినట్లు రెండు అరచేతుల నడుమ అటూ ఇటూ త్రిప్పాలి. నడుమనడుమ పైకెత్తి, పావుచుట్టు జరిపి, మరల నూరాలి. మొదట గరగరమన్న ధ్వని క్రమంగా మెత్తబడుతుంది. తుడిచి చూస్తే ఎక్కడా తెగని బూడిదరంగు వలయం కనిపించాలి. ఎనిమిది వాల్వులకు మాకు రెండు దినాలు పట్టింది.

ఈ పనికి మన నాగరికతలో ఎంత ప్రాచీనత ఉన్నదో తరువాత చదివి ఆశ్చర్యపోయాము. దియార్‌బకిర్‌లోని ఆర్తుఖ్ వంశ ప్రభువుల కొలువులో ఉండిన అల్-జజరీ 1206లో తాను నిర్మించిన యంత్రాలను గురించి ఒక అరబ్బీ గ్రంథం రచించాడు. నీటి కవాటాన్ని, దాని పీటను కురువిందపు పొడితో ఒకదానికొకటి నూరి, నీరు కారకుండా చేసే పద్ధతి అందులో ఉన్నది. డోనాల్డ్ హిల్ 1974లో దానిని ఆంగ్లంలో వెలువరించాడు. ఎనిమిది వందల ఏండ్లకు పూర్వం రాజాస్థానంలో గ్రంథస్థమైన విద్యను గుంటూరు రేకుల షెడ్డులో ఏడవ తరగతితో చదువు ఆపిన బాలురు నేర్చుకుంటున్నారు. దానిని విద్య అని మనమే పిలవడం లేదు.

పేస్టు రవ్వ కూడా మిగలకుండా కడిగి, వాల్వులు, స్ప్రింగులు అమర్చి, హెడ్డును తలక్రిందులుగా ఉంచి గుంటలలో కిరసనాయిలు పోశాము. తెల్లవారేదాక ఒక్క చుక్క కారలేదు. కొత్త గాస్కెట్ వేసి, నట్లను నడుమ నుండి చివరలకు, విడతలుగా బిగించాము. టాపెట్ సందును అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులకు సరిచేశాము. దీనికొక లెక్క ఉన్నది: మొత్తం తొమ్మిది కావాలి. ఎనిమిదవ వాల్వు పూర్తిగా తెరచి ఉన్నప్పుడు ఒకటవదానిని, నాలుగవది తెరచి ఉన్నప్పుడు ఐదవదానిని సరిచూడాలి. గేజి పెట్టగా నాలుగు సిలిండర్లూ 125కు, 130కు మధ్య నిలిచాయి. తండ్రిగారు చాలాసేపు ఇంజను చప్పుడు విని, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనకుండా స్టీరింగు ముందు కూర్చున్నారు.

ఉస్తాద్‌గారికి ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. ఆయన షాగిర్దులలో కొందరికి తెలుగే వచ్చు. అందువలన ఈ పని యావత్తూ కొలతలతో సహా ఒక నోటు పుస్తకంలో ఎడమ పుటలో తెలుగున, కుడి పుటలో ఉర్దూలో వ్రాశాము. మన కళాశాలలో రెండు భాషలు నేర్చినందుకు అంతకంటె మంచి వినియోగం మాకు ఇంతవరకు తటస్థపడలేదు. ఆ పుస్తకం ఇప్పుడు షెడ్డులో స్పానర్ల పెట్టె మీద ఉంటుంది. చివరి పుటలో ఉస్తాద్‌గారు స్వహస్తంతో ఒక వాక్యం చేర్చారు: 800 కిలోమీటర్లు నడిచిన తరువాత హెడ్డు నట్లు, టాపెట్లు మరల సరిచూడవలెను. మా తండ్రిగారు ఇప్పటికి 310 కిలోమీటర్లు నడిపారు.