వైరా ఒడ్డున ప్యూరిటన్లు

నవంబర్ 3

అమెరికన్ లిటరేచర్, మొదటి యూనిట్. బోర్డు మీద 1620 అని రాశాను. మేఫ్లవర్ ఓడ, ప్లిమత్ రేవు. పక్కనే కంచర్ల గోపన్న అని రాశాను. క్లాసులో కదలిక. నేలకొండపల్లి నుంచి వచ్చే పిల్లలు నిటారుగా కూర్చున్నారు. రెండూ పదిహేడో శతాబ్దం సంగతులే. అక్కడ మొదటి చలికాలంలోనే ఓడ దిగినవాళ్లలో సగం మంది పోయారు. ఇక్కడ తానీషా కొలువు, పాల్వంచ పరగణా, శిస్తు వసూళ్లు. రెండు చోట్లా దేవుడితో లెక్క తేల్చుకోవాలన్న పట్టుదల.

నవంబర్ 5

కార్తీక పౌర్ణమి. ఏటి ఒడ్డున సాయంత్రం అడుగు పెట్టే చోటు లేదు. అరటి దొప్పలు, వత్తులు, ఫోన్లు.

ఓడలెక్కి అమెరికా వెళ్లిన ఆ ప్యూరిటన్ క్రైస్తవులు క్రిస్మస్ కూడా జరుపుకోలేదు. 1659లో మసాచుసెట్స్‌లో చట్టం చేశారు. పండగ చేసుకున్నవాడికి ఐదు షిల్లింగుల జరిమానా. 1681 దాకా ఉంది. గుడిలో బొమ్మ లేదు, రంగుటద్దం లేదు, వాద్యం లేదు. మిగిలింది మాట ఒక్కటే. ఉపన్యాసాలు, డైరీలు, ఉత్తరాలు, పద్యాలు. అంత రాశారంటే అందుకే అని నా నమ్మకం.

నవంబర్ 7

హార్వర్డ్ 1636. ఆ వలసల్లో అచ్చయిన మొదటి పుస్తకం 1640లో, దావీదు కీర్తనలు. 1647లో బడుల చట్టం: యాభై ఇళ్లున్న ఊరికి ఒక పంతులు. జనం చదువు రాక బైబిలుకు దూరమైతే సైతాను మోసం చేస్తాడని భయం.

1925లో ఇక్కడ, మధిరలోనే, ఆంధ్ర జన కేంద్ర సంఘం సభ జరిగింది. నిజాం రాజ్యం. తెలుగుకు బడిలో తగిన చోటు లేదు. వాళ్లు గ్రంథాలయాలు పెట్టారు, చిన్న చిన్న పుస్తకాలు వేశారు. మాడపాటి హనుమంతరావు వెట్టిచాకిరి మీద రాసింది అలాంటిదే. టామస్ పెయిన్ 1776లో ‘కామన్ సెన్స్’ వేసిందీ ఆ సైజులోనే. ఇంగ్లిష్ పుస్తకాల్లో పెయిన్ పేరు ఉంటుంది. మధిర సభ సంగతి ఈ ఊరి పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఈ రోజు చెప్పాను.

నవంబర్ 11

ప్యూరిటన్ కవయిత్రి ఆన్ బ్రాడ్‌స్ట్రీట్. ఎనిమిది మంది పిల్లల తల్లి. ఆమె కవితల్ని బావగారు ఆమెకు తెలియకుండానే లండన్ పట్టుకెళ్లి 1650లో అచ్చు వేయించాడు. 1666 జూలైలో ఇల్లు కాలిపోయింది. దాని మీద కవిత రాసింది. ఇక్కడ పెట్టె ఉండేది, ఇక్కడ బల్ల ఉండేది, ఇక్కడ కూర్చునేవాళ్లం. అంతలో తనను తాను మందలించుకుంటుంది. అదంతా దేవుడిదే, తీసుకున్నాడు అని.

వెనక బెంచీ అమ్మాయి: “ఏడవడానికి కూడా పర్మిషన్ కావాలా మేడం?”

ఈ కవిత మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు.

నవంబర్ 14

గోల్కొండ చెరసాల. కంచర్ల గోపన్న, అంటే రామదాసు, రాముడికి నగల పద్దు చదువుతాడు. తమ్ముళ్లకు చేయించింది ఇంత, సీతమ్మకు చేయించింది ఇంత, ఎవరబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీస్తాడు. ఆ పాటలోనే మళ్లీ, బాధ తాళలేక అన్నానని సర్దుకుంటాడు.

బ్రాడ్‌స్ట్రీట్ కూడా అంతే. ముందు దుఃఖం, వెంటనే దిద్దుబాటు. ఆమె 1672లో పోయింది. తానీషా గద్దె ఎక్కింది ఆ ఏడే.

రామదాసు తహసీలుదారు. లెక్కలు రాసిన చెయ్యి. అది పాటలో తెలుస్తుంది.

నవంబర్ 19

సేలం, 1692. మంత్రగత్తెలన్న పేరుతో ఇరవై మందిని చంపారు. పందొమ్మిది మందికి ఉరి, ఒక ముసలాయన మీద బండలు పేర్చారు. తీర్పు చెప్పినవాళ్లలో శామ్యూల్ స్యూయల్ ఒక్కడు 1697లో గుడిలో లేచి నిలబడ్డాడు. తప్పు నాది అని అతను రాసిచ్చిన కాగితం అందరి ముందూ చదివారు. అతను యాభై ఏళ్లకు పైగా డైరీ రాశాడు.

ఇంకో జడ్జి హాథోర్న్. అతను పశ్చాత్తాపపడలేదు. అతని వంశంలో పుట్టిన నథానియల్ తన ఇంటిపేరులో ఒక అక్షరం చేర్చుకుని నవలలు రాశాడు.

నవంబర్ 20

నథానియల్ హాథోర్న్ కథ ‘యంగ్ గుడ్‌మన్ బ్రౌన్’ చెప్పాను. రాత్రి, అడవి, సైతాను సభ. ప్యూరిటన్లకు అడవి అంటే దేవుడు లేని చోటు.

దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే కోయ కుర్రాడు ఎప్పుడూ మాట్లాడడు. ఇవాళ లేచాడు. “మా దేవతలు అడవిలోనే ఉంటారు మేడం. సమ్మక్కను చిలకలగుట్ట మీద నుంచే తెస్తారు.” కూర్చున్నాడు.

క్లాసు అక్కడితో ఆపేశాను. ఆ అడవిలో ముందు నుంచీ ఉన్న జనానికి ప్లిమత్‌వాళ్లు ఎలా కనిపించి ఉంటారో రాసుకురమ్మన్నాను.

నవంబర్ 21

ఒక్కడే రాసుకొచ్చాడు. అరపేజీ. “ఆకలితో వచ్చారు. మొక్కజొన్న వేయడం నేర్పాం. తర్వాత కంచె వేశారు.” దాచుకున్నాను.

నవంబర్ 24

రోజర్ విలియమ్స్‌ను మసాచుసెట్స్ 1635లో వెళ్లగొట్టింది. మనిషి మనస్సాక్షి మీద సర్కారుకు అధికారం లేదన్నందుకు, రాజు పట్టా ఇచ్చినంత మాత్రాన అక్కడి జనం భూమి మనదైపోదన్నందుకు. ప్రావిడెన్స్‌లో అమెరికాలోని మొదటి బాప్టిస్టు సంఘం అతనిదే. రెండు వందల ఏళ్లకు ఆ బాప్టిస్టులే నెల్లూరు వచ్చారు. తర్వాత ఒంగోలు. అక్కడి మిషనరీ జాన్ క్లౌ. కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. ఎక్కువ మంది మాదిగలు.

అంటే ప్యూరిటన్లు తరిమేసిన మాట మన పల్లెలకు వచ్చింది. సాహిత్య చరిత్రల్లో ఈ దారి గీసినవాళ్లు కనపడరు. క్లౌ భార్య ఎమ్మా 1899లో మాదిగ కుటుంబాల కథలు పుస్తకంగా వేసింది. చెప్పులు కుడుతూ చెప్పుకున్న మాటలు. ఇంగ్లిష్‌లో ఉంది. తెలుగులోకి రావాలి.

డిసెంబర్ 2

ఫ్రాంక్లిన్. పదమూడు సుగుణాల పట్టిక. రోజూ రాత్రి తప్పిన చోట నల్లచుక్క. బోస్టన్ ప్యూరిటన్ ఇంట్లో పుట్టాడు. నరకం మీద నమ్మకం పోయింది, లెక్కల పుస్తకం మిగిలింది.

స్టాఫ్‌రూంలో గణితం సార్ ఆ పట్టిక ఫొటో తీసుకున్నారు. నెమ్మది అన్న గడి దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశారు.

డిసెంబర్ 5

ఎమర్సన్ 1832లో చర్చి ఉద్యోగం వదిలేశాడు. ప్రభు భోజన సంస్కారం మనస్ఫూర్తిగా చేయలేనని. 1838లో హార్వర్డ్‌లో మాట్లాడితే దాదాపు ముప్ఫై ఏళ్లు మళ్లీ పిలవలేదు.

ఎమర్సన్ వదిలింది యూనిటేరియన్ చర్చి. ప్యూరిటన్ల మనవళ్లదే అది. త్రిత్వాన్ని కాదన్నవాళ్లు. వాళ్లకూ రామమోహన్ రాయ్‌కూ ఉత్తరాలు నడిచాయి. రాయ్ నుంచి బ్రహ్మసమాజం. అది తెలుగు నేలకు దిగి రాజమండ్రిలో వీరేశలింగం, కాకినాడలో రఘుపతి వేంకటరత్నం నాయుడు. నాయుడు గారిది నీతి ఉద్యమం. తెల్లబట్టలు, ప్రార్థన, భోగం మేళాలకు వెళ్లకూడదన్న శపథం. ఆయన ప్రభావంలో పెరిగిన కుర్రాళ్లు ఇద్దరు: కృష్ణశాస్త్రి, చలం. ఒకరు ‘కృష్ణపక్షం’, ఒకరు ‘మైదానం’.

గురువు నేర్పింది వాళ్లు వదల్లేదని నాకు అనిపిస్తుంది. నిజం దాచకూడదన్నది చలం అక్కడే పట్టుకున్నాడు. పట్టుకుని గురువు ఊహించని చోటికి తీసుకెళ్లాడు.

డిసెంబర్ 9

ముద్దుపళని. తంజావూరు, ప్రతాపసింహుడి కొలువు, పద్దెనిమిదో శతాబ్దం. ‘రాధికా సాంత్వనము’. వీరేశలింగం పంతులు ఆ కావ్యాన్ని అసహ్యించుకున్నారు. ఆడది రాయదగ్గ పద్యాలు కావన్నారు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠం అచ్చు వేయించింది. 1911లో సర్కారు నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు ఎత్తేశారు.

డిసెంబర్ 11

1881లో ఇదే తేదీన రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం. బంధువులు వెలి వేశారు. చేయించిన వీరేశలింగం పంతులు గారు వెనక్కి తగ్గలేదు. ఆయన లేకపోతే నా ముత్తవ్వ కాలంలోనే ఆగిపోయేవాళ్లం.

మొన్నటి పేజీ మనిషీ ఈయనే. రెండు పేజీలూ ఉంచుతున్నాను.

డిసెంబర్ 12

గురజాడ ‘కన్యాశుల్కం’. 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్త నాటకంగా వచ్చింది. సౌజన్యారావు పంతులు వేశ్యల మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నవాడు. మంచివాడు. ఆయన పనిని గట్టెక్కించేది వేశ్య మధురవాణే. గురజాడ ఆయన్ని ఎక్కడా తూలనాడడు. ఆమెను మాత్రం మనసారా ప్రేమిస్తాడు. ‘స్కార్లెట్ లెటర్’ 1850. దాని నాయిక హెస్టర్‌ను నథానియల్ హాథోర్న్ కూడా అలాగే చూశాడు. ఈ రెండూ కలిపి చదివిస్తే పిల్లలకు విడిగా నోట్సు అక్కర్లేదు.

డిసెంబర్ 14

ఆదివారం. పక్క వీధిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. హార్మోనియం, డప్పు. పురుషోత్తమ చౌధరి కీర్తన. 1803లో పుట్టి 1890లో పోయిన కవి. రాగం, తాళం మనవి. ప్యూరిటన్ల గుడిలో వాద్యం నిషిద్ధం, ఒకడు లైను చెప్తే జనం అందుకునేవాళ్లు. అమ్మ వంటింట్లో ఆ కీర్తనకే తల ఊపుతోంది. అమ్మ ఏకాదశి తప్పని మనిషి.

డిసెంబర్ 18

‘గబ్బిలం’, 1941. జాషువా కథానాయకుణ్ణి గుళ్లోకి రానివ్వరు. గబ్బిలానికి అడ్డు లేదు. కాశీ విశ్వేశ్వరుడికి దాని చేతే కబురు పంపుతాడు. మిషన్ బడిలో పంతులు పని చేసిన క్రైస్తవుడు శివుడికి పంపిన ఫిర్యాదు. హిందువులు కులం అడిగారు, క్రైస్తవులు హిందూ కావ్యాలెందుకన్నారు. ఆయన పద్యం మానలేదు.

బ్రాడ్‌స్ట్రీట్ ఇంటి కవిత, రామదాసు పద్దు, ఇది. మూడూ దేవుడికి రాసుకున్న అర్జీలే. జాషువా ఒక్కడే మాట వెనక్కి తీసుకోలేదు. నాకు మూడింట్లో ఇదే పెద్దది.

డిసెంబర్ 24

థోరో. వాల్డెన్ చెరువు దగ్గర గీత చదివాడు, విల్కిన్స్ అనువాదం. ఆ చెరువులో మంచు కోసి ఓడలకు ఎత్తుతుంటే, మద్రాసువాళ్లు తన బావి నీళ్లు తాగుతారని రాసుకున్నాడు. మద్రాసులో ఆ మంచు దాచడానికి కట్టిన ఇల్లు ఇంకా ఉంది. 1897లో అమెరికా నుంచి తిరిగొచ్చిన వివేకానందుడు బస చేసింది అందులోనే.

డిసెంబర్ 30

ముక్కోటి. భద్రాచలం బస్సులు కిక్కిరిసి పోతున్నాయి. బస్టాండ్‌లో ఒక ముసలావిడ రామదాసు కట్టించిన గుడికి టికెట్ అడిగింది, ఊరి పేరు చెప్పకుండా. కండక్టర్ ఇచ్చేశాడు.

జనవరి 6

డోర్నకల్. మధిర నుంచి రైలు. ఎపిఫనీ కథీడ్రల్ 1939లో ఈ రోజే ప్రతిష్ఠ. బిషప్ అజరయ్య కట్టించారు. తామర పూల స్తంభాలు, గుమ్మటాలు. గుడీ మసీదూ చర్చీ కలిసిన కట్టడం. అజరయ్య తిరునెల్వేలి తమిళుడు, 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. చదువు రాని పల్లెలకు పాట అవసరమని గుర్తించినవాడు. ఏ మతం నుంచి ప్యూరిటన్లు బొమ్మనూ వాద్యాన్నీ వెళ్లగొట్టారో, ఆ మతం ఇక్కడికి వచ్చేసరికి స్తంభానికి తామరలు తొడిగి భజన పాడింది.

జనవరి 9

సెమిస్టర్ పరీక్ష. ప్యూరిటన్ల ప్రభావం, పది మార్కులు. మెట్ల కింద పిల్లలు తేదీలు వల్లె వేస్తున్నారు. కోయ కుర్రాడు మాత్రం మేడారం జాతర తేదీలు చెప్తున్నాడు, ఆ వారం రానని.

లైబ్రరీకి కొనాల్సిన పుస్తకాల పట్టిక అడిగారు. రాసిచ్చాను: బ్రాడ్‌స్ట్రీట్ కవితలు, రామదాసు కీర్తనలు, ‘రాధికా సాంత్వనము’, ‘కన్యాశుల్కం’, ‘గబ్బిలం’. కింద ఒక మాట చేర్చాను. ఈ ఐదింటినీ పిల్లలు ఇంటికి తీసుకెళ్లనివ్వండి, బీరువాకు తాళం వేయొద్దు.