బియ్యం పురుగూ, నా ఆడిట్టూ

నేను రక్షణ శాఖ లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. చదివింది బి.కామ్. సైంటిస్టుని కాను గానీ హేతువాదినని చెప్పుకుంటూ తిరుగుతాను. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చింది ఒక బియ్యం బస్తా.

మాది జంషెడ్‌పూర్‌లో కద్మా. మా తాత శ్రీకాకుళం నుంచి టాటా కంపెనీలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఊళ్లో మిగిలిన కాస్త పొలం నుంచి ఏటా సంక్రాంతి దాటాక ఒక బస్తా బియ్యం వచ్చేది. జూన్‌లో వానలు పడగానే అందులో ముక్కుపురుగు కనిపించేది. "ముసురుకి పురుగు పుడుతుందిరా" అనేది మా అమ్మ.

అలా పుట్టదండీ. 1668లో ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడీ మాంసం ఉన్న సీసాలకు పల్చటి గుడ్డ కట్టి చూపించాడు, ఈగ వాలనిచోట పురుగు లేదని. బియ్యం సంగతీ అంతే. ఆడపురుగు ముక్కుతో గింజకు కన్నం చేసి, అందులో గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పైకి ఏమీ కనపడదు. పిల్ల లోపలే తిని పెరిగి, వేడీ తేమా ఉంటే నెల రోజుల్లో బయటికొస్తుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే పురుగు ఓపెనింగ్ బ్యాలెన్సులోనే ఉంది. వానాకాలం దానికి వడ్డీ కడుతుంది.

ఇదంతా తెలిసిన నేనే తప్పు చేశాను. కొన్నేళ్ల కిందట పక్కింటావిడ ధాన్యంలో వేసుకొమ్మని 'పారద్ టికిడీ' బిళ్లలు ఇచ్చింది. పారద్ అంటే పాదరసం. ఇన్నేళ్లుగా హిందీ మాట్లాడుతున్నా ఆ పేరు నాకు తట్టలేదు. మా ఆవిడ బస్తాలో నాలుగు వేసింది. ఆ ఏడు పురుగు లేదు. నలుగురికీ గొప్పగా చెప్పాను కూడా.

ఆగస్టులో ఓ రోజు మా ఐదేళ్ల మనవరాలు "తాతయ్యా, వెండి చుక్క చూడు, పరిగెడుతోంది" అని అరచెయ్యి చాపింది. బిళ్ల విరిగింది.

పిల్ల చేతులు కడిగించి బయటికి పంపాం. కిటికీలన్నీ తీసి, చుక్కల్ని అట్టముక్కతో సీసాలోకి ఎత్తి మూత బిగించాం. చీపురు పెట్టకూడదు, చుక్కలు చిన్నవై ఇంకా చెదిరిపోతాయి. పిల్లకి ఏమీ కాలేదు. ఆ బియ్యం మాత్రం వండలేదు. మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఏమండీ, పురుగు పట్టలేదుగా, పనిచేసిందిగా?" అంది.

నిజమే, పనిచేసింది. పాదరసం ఆవిరికి పురుగు గుడ్లు చస్తాయి. ఇది మూఢనమ్మకం కాదు. తాయెత్తు కనపడితే వంద ప్రశ్నలు వేసే నేను, పనిచేసే బిళ్లని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పురుగు చచ్చిందా అన్నది ఒక పద్దు, ఆ అన్నం పిల్లకి పెట్టవచ్చా అన్నది ఇంకో పద్దు. పాదరసం మామూలు గది వేడికే ఆవిరవుతుంది. ఆ ఆవిరికి రంగూ వాసనా లేవు. నరాలకు చేటు, పిల్లలకు మరీను. పాదరసం వాడకాన్ని తగ్గించడానికే 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది, 2018లో మన దేశమూ ఆమోదించింది. సెల్ఫాస్ బిళ్లలు ఇంకా ఘోరం. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువుకి విరుగుడు లేదు, అవి ఇళ్లలో వాడేవి కావు.

ఇప్పుడు బస్తా మానేశాం, కొద్దికొద్దిగా కొంటున్నాం. లేత ఎండలో ఆరబోసి, పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాల్లో అంచుదాకా నింపుతాం. లోపల గాలి తక్కువైతే పురుగు ఊపిరాడక చస్తుంది. రవ్వ, పిండి వారం రోజులు ఫ్రీజర్లో పెట్టి తీస్తాం. పాత సరుకు మీద కొత్తది పొయ్యం. ముందొచ్చింది ముందు ఖర్చు, బి.కామ్‌లో నేర్చుకున్నదే.

వేపాకూ పరీక్షించాను. ఒకే బియ్యం రెండు మామూలు డబ్బాల్లో పోసి, ఒకదాంట్లో ఆకు వేశాను. సెప్టెంబరుకి రెండింట్లోనూ పురుగు పట్టింది. ఒక్కసారి చూసినది రుజువు కాదు, మీరూ చేసి లెక్క రాయండి.

పెసలకు మాత్రం మా అమ్మలాగే ఆముదం రాస్తున్నాం. పుచ్చుపురుగు గింజ పైనే గుడ్డు పెడుతుంది, నూనె పూతలో అది బతకదు. అమ్మకి కారణం తెలియదు, పద్ధతి మాత్రం సరైనదే. నాకు కారణాలన్నీ తెలుసు, బిళ్ల పేరు మాత్రం పట్టించుకోలేదు.

మీ ఇంటి బియ్యం డబ్బాలో ఏ బిళ్ల ఉందో ఇవాళే ఒకసారి చూడండి.