తుపాకీ లేని డిటెక్టివ్

"మేడం, ఇందులో మర్డర్ ఎన్నో పేజీలో?"
లైబ్రరీలో నా చేతిలో పుస్తకం చూసి ఓ కుర్రాడు అడిగాడు ఇవాళ.

అది అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ 1998లో రాసిన 'ది నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ'. మర్డర్ కోసం చదివే పుస్తకం కాదు బాబూ అన్నాను.

కథ జరిగేది బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో. దక్షిణాఫ్రికా గనుల్లో చాకిరీ చేసిన తండ్రి కూతురికి వదిలి వెళ్ళిన పశువులు. వాటిని అమ్మి ప్రెషస్ రమోత్స్వే డిటెక్టివ్ ఆఫీసు పెడుతుంది.
చిన్న తెల్ల వ్యాను, కప్పు రూయిబోస్ టీ, ఎదుటి మనిషి మాట చివరిదాకా వినే ఓపిక. ఆవిడ ఆయుధాలు ఇవే!

ఓ కేసులో, ఒకమ్మాయి ఇంట్లో నాన్ననంటూ ఒకడు తిష్ఠ వేస్తాడు. రమోత్స్వే నర్సు వేషంలో వెళ్ళి, నీ కూతురికి ప్రమాదం జరిగింది, నీ రక్తం కావాలి, నీ ప్రాణం పోవచ్చు అంటుంది.
అసలు తండ్రయితే ఏం చేస్తాడు?
వాడేం చేశాడో మీరే చదవండి.

నేరం కన్నా మనిషి మీద ఇంత శ్రద్ధ పెట్టిన డిటెక్టివ్ కథలు నాకు చాలా అరుదుగా దొరికాయి.
తెలుగులో అలాంటివి మీరు చదివి ఉంటే పేర్లు చెప్పండి, ఆ కుర్రాడికీ ఇస్తాను.