రెండు సీసాలు, ఒక చెంచా

కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి. ఇంట్లో బడికి పోయే చిన్న పిల్లలు ఉన్నవాళ్లు తప్పకుండా చదవండి.

మేము ఉప్పల్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాం. మేము అంటే రూమ్‌లో నలుగురం. ఏం చేసినా కలిసే చేస్తాం, తప్పయినా సరే. అందుకే 'నేను' అని రాయబుద్ధి కావట్లేదు. నలుగురిదీ మహబూబాబాద్ దిక్కే. మా ఇళ్లల్లో మాకంటే ముందు కాలేజీకి పోయినవాళ్లు ఎవరూ లేరు. మా అక్కా బావా నాచారంలో ఉంటారు. బావ అక్కడ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో పనిచేస్తాడు. వాళ్ల కొడుక్కి ఏడేళ్లు, రెండో తరగతి. మా నలుగురినీ మామా అనే పిలుస్తాడు. ఆదివారం వస్తే మా తిండి అక్కడే.

2025 సెప్టెంబర్‌లో పిల్లాడికి పొద్దున లేస్తే తుమ్ములు, ముక్కు కారడం, చేతుల మీద దద్దుర్లు. అక్క బస్తీ దవాఖానకు తీసుకపోతే సెట్రిజిన్ సిరప్ ఇచ్చారు. రాత్రి పడుకునే ముందు 5 మి.లీ. అన్నారు. నాలుగు రోజులకు కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. అక్క ఫోన్ చేసి, "ఇంకా తుమ్ముతనే ఉండు రా, మంచి మందు ఏదన్నా తీసుకరాండ్రి" అంది. మేం ఉప్పల్‌లో ఒక మెడికల్ షాపుకు పోయి "పిల్లాడికి అలర్జీ" అన్నాం. ఆయన వయసు అడగలేదు, బరువు అడగలేదు, ఇప్పటికే ఏమన్నా వాడుతున్నారా అని అడగలేదు. మేమూ చెప్పలేదు. ఒక సీసా ఇచ్చి "పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా" అన్నాడు. అదే మాట అక్కకు అప్పజెప్పి వచ్చాం. సీసా మీద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఏముందో చూడలేదు. ఆ ఇంట్లో అది చదవగలిగేది మేమొక్కరమే.

వారం తిరిగేసరికి స్కూల్ నుంచి బావకు ఫోన్ వచ్చింది. ఆయన డ్యూటీలో ఉండి మమ్మల్ని పొమ్మన్నాడు. పోయి చూస్తే పిల్లాడు ఆఖరి బెంచీలో తల వాల్చి పడుకున్నాడు. డైరీలో ఎర్ర పెన్నుతో రెండు సార్లు రాసి ఉంది, క్లాసులో నిద్రపోతున్నాడు, శ్రద్ధ లేదు అని. కింద అక్క తన పేరు కష్టపడి రాసి సంతకం చేసింది, అదేందో తెలియకనే. "ఇంట్లో చదివించేవాళ్లు లేకపోతే ఇట్లనే ఉంటది. ఒకటో తరగతిలో కూర్చోబెడదాం అనుకుంటున్నం" అంది మేడం. మాకు కోపం వచ్చింది కానీ నోట మాట రాలేదు.

ఆ మాట మాకు కొత్త కాదు. మేం ఆశ్రమ పాఠశాలలో ఉన్నప్పుడు జలుబు అంటే అందరికీ ఒకటే చిన్న పసుపు మాత్ర. మూడో తరగతి వాడికీ అదే, పదో తరగతి అన్నకూ అదే. అది వేసుకున్న రోజు మధ్యాహ్నం క్లాసులో తూగేవాళ్లం, వీపు మీద దెబ్బ పడేది. మాత్ర మత్తు అని ఎవరూ చెప్పలేదు. మేం మొద్దులం అనే అనుకున్నాం.

మా నలుగురిలో ఒకడు బీ ఫార్మసీ రెండో సంవత్సరం. ఆ సాయంత్రం వాడు రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి, పెద్ద అక్షరాల పేరు వదిలేసి కింద ఉన్న మందు పేరు చదివాడు. ఒకటి సెట్రిజిన్, 5 మి.లీ.లో 5 మి.గ్రా. రెండోది లెవోసెట్రిజిన్, 5 మి.లీ.లో 2.5 మి.గ్రా. పేర్లు వేరు కానీ పని ఒకటే. సెట్రిజిన్‌లో పనిచేసే సగాన్ని విడదీసి అమ్మేదే లెవోసెట్రిజిన్. అందుకే దాని రెండున్నర దీని ఐదుతో సమానం. తర్వాత వాడికి చెంచా మీద అనుమానం వచ్చింది. సూది లేని సిరంజితో నీళ్లు కొలిచి అక్క వాడే చెంచాలో పోస్తే 8 మి.లీ. పట్టింది. సీసాతో వచ్చిన గీతల మూత పిల్లాడు ఆడుకొని ఎప్పుడో పారేశాడు.

లెక్క వేశాం. రాత్రి మొదటి సీసాది 8, కొత్త సీసాది పొద్దున 8, రాత్రి 8 కింద. డాక్టర్ చెప్పింది 5, మేం పోయించింది 24. వాడిది చదువు రాని నిద్ర కాదు. ఆ రాత్రి మెస్‌లో మాకు అన్నం దిగలేదు.

తెల్లారి నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రికి పోయాం. ఇక్కడ ఒక మాట. బావ జీతంలో నెలనెలా 0.75 శాతం ఈఎస్‌ఐకి కోస్తారు, కంపెనీ ఇంకో 3.25 శాతం కడుతుంది. ఆ కార్డు మీద భార్యాపిల్లలకు కూడా వైద్యం ఉంటదని ఆయనకు మూడేళ్లుగా తెలియదు. మీ ఇళ్లల్లో కంపెనీల్లో పనిచేసేవాళ్లుంటే ఒకసారి అడగండి.

రెండు సీసాలూ, చెంచా కూడా తీసుకపోయి టేబుల్ మీద పెట్టాం. డాక్టరమ్మ తిట్టలేదు. పిల్లాడి బరువు చూసింది, 19 కిలోలు. రెండో సీసా ఆపేయమంది. మొదటిదే 5 మి.లీ., రాత్రి ఒక్కసారే. దాని పని 24 గంటలు ఉంటుంది కాబట్టి స్కూల్‌లో వేయాల్సిన అవసరమే లేదంది. తుమ్ములు తగ్గకపోతే మీరే పెంచొద్దు, మళ్లీ తీసుకురండి, ముక్కులో కొట్టే స్ప్రే ఆలోచిద్దాం అంది. "దీనికి నిద్ర రాదంటారు కదా మేడం" అని అడిగాం. పాత మందులకంటే తక్కువే కానీ కొందరు పిల్లలకు వస్తుందట, మోతాదు పెరిగితే మరీ. (ఇది మా పిల్లాడి లెక్క. మీ పిల్లలకు వయసు, బరువు చూసి డాక్టరే చెప్పాలి. చుక్కల మందు ఇంకా చిక్కగా ఉంటది, దాన్ని చెంచాతో అసలు పోయొద్దు.)

అంతా సర్దుకుంది అనుకునేలోపు అక్టోబర్ వచ్చింది. మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయారని, అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉందని టీవీలో చూసి అక్క సిరప్ సీసా చెత్తలో వేసేసింది. అది వేరే మందు అని చెప్పినా వినలేదు. తల్లి భయం, ఏమంటాం. మళ్లీ డాక్టర్ దగ్గరికి పోతే, సిరప్ వద్దనుకుంటే 10 మి.గ్రా. మాత్రలో సగం ఇవ్వొచ్చు, అదీ 5 మి.గ్రా.నే అంది. మధ్యలో గీత ఉన్న మాత్ర చూసి తీసుకోమంది. మొదటి రాత్రి వాడు ఉమ్మేశాడు. రెండో రాత్రి అక్క నీళ్లలో కరిగించి ఇస్తే చేదని ఏడ్చాడు. మూడో రాత్రి అరటిపండు ముక్కలో పెడితే మింగాడు. ఇప్పుడు నీళ్లతోనే మింగి నాలుక బయటపెట్టి చూపిస్తాడు.

స్కూల్‌కు ఒక లెటర్ రాసి, డాక్టర్ చీటీ జిరాక్స్ జతచేసి ఇచ్చాం. పిల్లాడి బరువు, రాత్రి వేసే మందు, స్కూల్‌లో ఎవరూ ఏ మాత్రా ఇవ్వొద్దని, బావ నంబర్, మా నంబర్. డాక్టరమ్మ చెప్పిన మాట కింద పెద్ద అక్షరాలతో రాశాం: ఎప్పుడన్నా పెదవులో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా, దద్దుర్లతో పాటు వాంతులై సోలిపోయినా మాత్ర కోసం వెతకొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలి, అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. మేడం రెండు సార్లు చదివింది. "ముందే చెప్పాల్సింది కదా" అంది. నిజమే, చెప్పాల్సింది. కింది తరగతి మాట మళ్లీ ఎత్తలేదు.

పోయిన ఆదివారం అక్క డైరీ తెచ్చి "మళ్ల ఎర్రగ రాశిన్రు, చూడుండ్రి" అని భయపడుతూ ఇచ్చింది. క్లాసులో ఎక్కువ మాట్లాడుతున్నాడు అని ఉంది. చదివి వినిపించాం. లెటర్ ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఫొటో తీసి పెడతాం.