ఈ వేళ్ళకో మైదానం కావాలి

ఆ కుర్రాడి చేతులు చూశాక మిగతా గది చూడాలనిపించలేదు. ఎడమ బొటనవేలి మీద సోల్డరింగ్ ఐరన్ కాల్చిన మచ్చ. కుడి చూపుడువేలి మీద ప్రొపెల్లర్ కోసిన గీత. రిమోట్‌ను ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో స్టిక్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పసుపు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆ వేళ్ళు కదులుతున్నాయో లేదో ఎదురుగా కూర్చున్న నాకే తెలియడం లేదు. పక్కనున్న తెరమీద మాత్రం డ్రోన్ గేటు తర్వాత గేటు దూసుకుపోతోంది.

హైదరాబాద్‌కు తూర్పున, ఘట్‌కేసర్ దాటాక, ఒక వెల్డింగ్ షాపు మేడ మీద అద్దెకు తీసుకున్న గది అది. డ్రోన్ శిక్షణ ఎలా జరుగుతోందో చూసి రాయమని మా సంపాదకులు అడిగారు. పెద్ద కేంద్రాలు వదిలి నేను ఇక్కడికి రావడానికి కారణం మా మేనకోడలు. ఇంటర్ చదువుతున్న ఆ పిల్ల ఆదివారాలు ఈ గదిలోనే గడుపుతోంది. నేర్పేది ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్న ఈ కుర్రాడు. వాళ్ళ నాన్న జనగామలో బోరు మోటార్లకు వైండింగ్ కడతాడు. రాగి తీగ, కాలిన ఇన్సులేషన్ వాసన, చేత్తో తిప్పి బేరింగ్ పట్టేసిందో లేదో చెప్పడం... ఇవన్నీ ఇతనికి చిన్నప్పుడే వచ్చిన చదువు. ఇప్పుడు అతని బల్లమీద ఉన్న మోటార్లు అగ్గిపెట్టె కన్నా చిన్నవి. కానీ వాటిని వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకునే పద్ధతి నాన్నదే.

పెళ్ళిళ్ళలో వీడియో తీసే డ్రోన్‌ను మనమందరం చూశాం. స్టిక్ వదిలేస్తే అది జీపీఎస్ సాయంతో ఉన్నచోటే నిలబడుతుంది. రేసింగ్ డ్రోన్ అలా నిలబడదు. ఆక్రో మోడ్‌లో దాన్ని ఎంత వంచితే అంత వంపులోనే ఉండిపోతుంది. మళ్ళీ నిటారు చేయాల్సింది వేళ్ళే. బీటాఫ్లైట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా వచ్చే సెట్టింగులతోనే స్టిక్‌ను చివరిదాకా నెడితే డ్రోన్ సెకనుకు సుమారు 670 డిగ్రీలు తిరుగుతుంది. అంటే దాదాపు రెండు పల్టీలు. ఎడమ స్టిక్‌లో పైకీ కిందికీ థ్రాటిల్, అంటే మోటార్ల బలం; పక్కలకు యా, అంటే డ్రోన్ ముక్కు తిప్పడం. కుడి స్టిక్‌లో పిచ్, రోల్, అంటే ముందువెనకలకూ పక్కలకూ వంచడం. థ్రాటిల్‌ను నడిమికి తెచ్చే స్ప్రింగ్ ఉండదు. ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. అసలు పరీక్షంతా ఆ ఒక్క స్టిక్ దగ్గరే.

"భయమైతే చెయ్యి ఏం చేస్తదో తెలుసా సార్? థ్రాటిల్ పూరా కిందికి గుంజుతది. డ్రోన్ దబ్బున పడుతది. అది చూసి బెదిరి మళ్ళ పూరా పైకంటరు. నేర్చుకునుడంటే ముందు ఆ గుంజుడు మానుకునుడే" అన్నాడు.

అందుకే అతను కొత్తవాళ్ళకు వేగం నేర్పడు. మొదట సిమ్యులేటర్. అసలు రిమోట్‌నే యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించి, వెలోసిడ్రోన్‌లోనో లిఫ్టాఫ్‌లోనో వారాల తరబడి ఒకటే పని చేయిస్తాడు: నేలకు ఒకే ఎత్తులో ఎగరడం. తర్వాత అదే ఎత్తులో మలుపు. డ్రోన్ పక్కకు వంగగానే దాన్ని పైకి ఎత్తి ఉంచే బలం తగ్గుతుంది, కాబట్టి వంచేటప్పుడే ఎడమచెయ్యి థ్రాటిల్‌ను ఆ కాస్త పెంచాలి. సరిచేసుకున్నాక ఆ కాస్తా తగ్గించాలి. చెబితే ఒక్క మాట. చేతికి ఎక్కాలంటే కొన్ని నెలలు. మా మేనకోడలు మొదట్లో ఏడ్చిందట. ఇప్పుడు మాట్లాడుతూ కూడా ఎత్తు తప్పడం లేదు.

ఆ తర్వాత కెమెరా కోణం. రేసింగ్ డ్రోన్ ముందుకు బాగా వంగి ఎగురుతుంది. అందుకే కెమెరాను పైకి చూసేలా బిగిస్తారు. వేగంగా పోయేవాళ్ళు 40 డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ కూడా పెట్టుకుంటారు. ఆ కోణంతో నెమ్మదిగా ఎగరాలనుకుంటే, కెమెరా దృశ్యం చూపే కళ్ళజోడులో ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ముందుకు వంచి వేగం తెచ్చుకుంటేనే దారి కనబడుతుంది. అందుకే ఇతను 20 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, పిల్ల చేతిని చూసి అయిదేసి డిగ్రీలు పెంచుతాడు. కోణం పెరిగేకొద్దీ ఒక చెయ్యి యా, ఒక చెయ్యి రోల్ కలిపి తిప్పితే తప్ప చూపు సాఫీగా మలుపు తిరగదు. రెండు చేతులూ ఒకదాని మాట ఒకటి వినాలి.

ఆదివారం తెల్లవారుజామున భువనగిరి రోడ్డులో ఒక వెంచర్‌కు వెళ్ళాం. రోడ్లు వేసి, రాళ్ళు పాతి, ఇంకా ఇళ్ళు కట్టని ప్లాట్లు. పీవీసీ పైపులు వంచి, పాత ఫ్లెక్సీలు చుట్టి గేట్లు నిలబెట్టారు. ఆరు సెల్‌ల బ్యాటరీ నిండుగా ఉంటే 25.2 వోల్టులు. రేసు వేగంతో నడిపితే రెండు మూడు నిమిషాల్లో దింపేయాలి. మా మేనకోడలు కళ్ళజోడు పెట్టుకుంది. ఒక స్నేహితుడు వట్టి కళ్ళతో డ్రోన్‌ను, చుట్టూ మనుషులను కనిపెట్టి చూస్తూ నిలబడ్డాడు. కుర్రాడు రెండో కళ్ళజోడులో అదే దృశ్యం చూస్తూ ఆమె పక్కన కూర్చున్నాడు.

"చెల్లె, ఆ గేటు అయిపోయింది. ఇంక దాన్ని చూడకు. ముందటిది చూడు."

అతను వందసార్లు చెప్పే మాట అదేనట. దాని వెనుక లెక్క ఉంది. నిపుణులైన పైలట్ల విషయంలో కూడా కన్ను చూసినదానికి చెయ్యి స్పందించడానికి సగటున 220 మిల్లీసెకన్లు పడుతుందని జ్యూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే డ్రోన్ ఆ వ్యవధిలో ఆరు మీటర్లు దాటిపోతుంది. అంటే కళ్ళముందున్న గేటును చూసి దిద్దుకునే వీలు లేదు. చేతికి వచ్చేసిన పనిని చేతికే వదిలి, చూపు ఎప్పుడూ ఒక గేటు ముందు ఉండాలి. దీన్ని తెగింపు అనుకునేవాళ్ళు ఈ పిల్ల ముఖం చూడాలి. పెదవులు బిగబట్టకుండా, ఊపిరి సమంగా తీసుకుంటూ కూర్చుంది. నేను చూసింది అచ్చమైన నిదానం.

మూడో చుట్టులో డ్రోన్ పైపుకు తగిలి ముళ్ళపొదలో పడింది. ఎవరూ అరవలేదు. అమ్మాయి కళ్ళజోడు తీసి నడుచుకుంటూ వెళ్ళి తెచ్చింది. కార్బన్ ఫైబర్ చెయ్యి ఒకటి విరిగింది, రెండు ప్రొపెల్లర్లు వంగాయి. అరగంటలో అక్కడే, కారు డిక్కీలో పెట్టె తెరిచి, తానే విప్పి తానే బిగించింది. తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది, విడిభాగాలకు మాత్రం అడ్డులేదు. కాబట్టి ఈ పిల్లలందరూ తమ డ్రోన్‌ను తామే కట్టుకున్నవాళ్ళు. ఏ స్క్రూ ఎక్కడుందో, ఏ తీగ ఎటు పోతుందో చేతికి తెలుసు. తాను కట్టిన యంత్రం పడిపోతే తానే బాగుచేసుకోగల మనిషి తిరిగి ఎగరడానికి భయపడడు. ఈ చదువులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే.

అప్పుడే వెంచర్ వాచ్‌మన్ వచ్చాడు. "మా సార్లు వద్దంటున్నరు బాబూ, వచ్చే వారం నుంచి రావొద్దు" అన్నాడు. కుర్రాడు వాదించలేదు. కాస్త దూరం వెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు. "గేటు మేమే తెచ్చుకుంటం సార్, వల గూడ కట్టుకుంటం, పొద్దుగాల రెండు గంటలు ఇయ్యుండ్రి చాలు" అనడం నాకు వినపడింది. అవతల నుంచి వచ్చిన జవాబు అతని ముఖంలో కనబడింది.

నాకు కోపం వచ్చిన చోటు అదే. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్... విమానాశ్రయాలూ వైమానిక స్థావరాలూ చుట్టూ ఉన్న నగరం ఇది. వాటి దగ్గర ఎగరకూడదన్న నియమం న్యాయమైనదే, ఈ పిల్లలు దాన్ని పాటిస్తున్నారు. 2021 డ్రోన్ నియమాలు కూడా వీళ్ళకు ఉదారంగానే ఉన్నాయి. రెండు కిలోల లోపు డ్రోన్‌ను వ్యాపారం కోసం కాకుండా ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. చట్టం దారి ఇచ్చింది. కాలు పెట్టడానికి నేల లేదు. కాలేజీలకు మైదానాలున్నాయి, తాళాలు వేసి ఉన్నాయి.

డ్రోన్లంటే మనకు ఇష్టం లేక కాదు. 2024 అక్టోబరులో విజయవాడ కృష్ణ ఒడ్డున 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీస్తే అందరం మురిశాం. అవి కంప్యూటర్ ఇచ్చిన దారిలో ఎగిరాయి, ఏ ఒక్క స్టిక్ మీదా వేలు లేదు. అది గొప్ప పనే. పురుగుమందు చల్లే డ్రోన్లూ కావాలి, వాటికి కొద్ది రోజుల శిక్షణా కావాలి. కానీ కొద్ది రోజుల్లో వచ్చే సర్టిఫికెట్ వేరు, ఏళ్ళ తరబడి వేళ్ళలో కూడిన నేర్పు వేరు. జీపీఎస్ తప్పిన క్షణాన, గాలి విసిరిన క్షణాన పొలం గట్టు మీద నిలబడిన ఆపరేటర్‌ను కాపాడేది రెండోదే.

యంత్రం మనిషిని ఓడించేసింది కదా, ఇంకా ఈ చేతులెందుకని అడిగేవాళ్ళున్నారు. నిజమే. జ్యూరిక్ వాళ్ళ స్విఫ్ట్ అనే స్వయంచాలక డ్రోన్ ముగ్గురు ఛాంపియన్ల మీద 25 రేసుల్లో 15 గెలిచిందని 2023 ఆగస్టులో నేచర్ పత్రిక ప్రచురించింది. 2025 ఏప్రిల్‌లో అబుధాబిలో డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం డ్రోన్ కూడా మానవ ఛాంపియన్లను దాటింది. కానీ స్విఫ్ట్‌ను తయారుచేసినవాళ్ళే ఒక మాట ఒప్పుకున్నారు. డ్రోన్ గుద్దుకున్నా, యంత్రం పనిచేస్తుంటే మనిషి తేరుకుని రేసు కొనసాగించగలడు, స్విఫ్ట్‌కు ఆ శిక్షణ లేదు. ఆ యంత్రాల నేర్పును కొలవడానికి కూడా ఆరితేరిన మనిషి చెయ్యే కొలబద్ద అయింది. అలాంటి చేతులు లేని చోట అలాంటి పరిశోధన పుట్టదు.

2016లో దుబాయ్‌లో జరిగిన వరల్డ్ డ్రోన్ ప్రీ గెలిచిన ల్యూక్ బానిస్టర్ వయసు అప్పటికి 15 ఏళ్ళు. బ్రిటన్ కుర్రాడు. మా మేనకోడలికి ఇప్పుడు 16. ఆ దేశపు పిల్లలకు ఎగరేసుకునే మైదానాలు, వాటిని నడిపే క్లబ్బులు ఉన్నాయి. మన పిల్లలకు వేళ్ళున్నాయి, ఓపిక ఉంది, సోల్డరింగ్ ఐరన్ ఉంది.

అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి జిల్లాలో విమానాశ్రయాలకు దూరంగా ఒక్క మైదానం, చుట్టూ వల, ఉదయం రెండు గంటలు, ప్రథమ చికిత్స పెట్టె, బ్యాటరీ అంటుకుంటే చల్లడానికి ఇసుక బకెట్లు. డ్రోన్ హబ్‌ల కోసం వందల ఎకరాలు కేటాయించే ప్రభుత్వాలకు ఇది లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు. కాలేజీల యాజమాన్యాలకైతే అసలు ఖర్చే లేదు. ఆదివారం పొద్దున తాళం తీయండి, చాలు.